పదిహేను రోజులు ఊపిరి బిగబట్టే వరి

సార్వా ఊడ్పులైన రెండు వారాలకి పెద్ద వాన పట్టిందంటే గోదావరి డెల్టాలో పల్లపు చేల రైతుకి నిద్ర ఉండదు. డ్రెయిన్ ఎగదన్నుతుంది. తెల్లారేసరికి చేను ఎక్కడో, గట్టు ఎక్కడో తెలియదు. మూడు నాలుగు రోజుల్లో నీరు లాగేస్తే పైరు తేరుకుంటుంది. వారం దాటితే మాత్రం నీరు దిగాక చూడబుద్ధి కాదు. మొక్కలు పాలిపోయి, దారాల్లా సన్నగా సాగి, బురద మీద పడుకుని ఉంటాయి. పట్టుకుని లాగితే మొదట్లోనే మెత్తగా తెగి చేతికొస్తాయి. మళ్లీ నారు కోసం ఊళ్లు తిరగాలి, మళ్లీ కూలీలకి డబ్బు చూసుకోవాలి.

వరి నీళ్లలో పెరిగే పైరే కదా, నీళ్లకే ఎందుకు చస్తుంది? వేళ్లు నీళ్లలో ఉంటే దానికి ఇబ్బంది లేదు, ఆకులు మునిగితేనే చిక్కు. నీళ్లలో వాయువులు కదిలే వేగం గాలిలోకంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. దాంతో మొక్కలో పుట్టే ఇథిలీన్ బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. అరటిగెలను మగ్గబెట్టేదీ ఈ వాయువే. మామూలు వరి దాన్ని పసిగట్టగానే ‘మునిగిపోయాను, పైకి పోవాలి’ అన్నట్టు కాండాన్నీ ఆకుల్నీ సాగదీస్తుంది. అందుకు దాచుకున్న పిండి పదార్థమంతా ఖర్చు పెట్టేస్తుంది. నీరు తక్కువైతే ఆకు కొస బయటపడి బతుకుతుంది. ఎక్కువైతే, దమ్మిడీ మిగలకుండా ఖర్చుపెట్టి దారిలో కూలబడ్డ మనిషి పరిస్థితే.

ఒడిశాలో ధలపుటియా అనే పాత నాటు వరి ఉండేది. దాన్నుంచి ఎంపిక చేసిన రకం ఎఫ్ఆర్13ఎ. మునిగినప్పుడు ఇది సాగదు. ఉన్నచోటే ఉండి, ఖర్చు తగ్గించుకుని, రెండు వారాలు ఊపిరి బిగబట్టినట్టు గడిపేస్తుంది. నీరు దిగాక దాచుకున్న దానితో కొత్త ఆకు వేస్తుంది. ఈ సంగతి పరిశోధకులకి ఎప్పటినుంచో తెలుసు. మంచి రకాలతో సంకరం చేసి చూశారు కూడా. ముంపుకి తట్టుకున్నాయి గానీ దిగుబడీ గింజా రైతుకి నచ్చలేదు. వరద వచ్చే ఏడాది కోసం, రాని ఏళ్లన్నీ తక్కువ పంట తీసుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ముడి విప్పడం మొదలైంది అమెరికాలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ 1996లో ఈ గుణం వరి తొమ్మిదో క్రోమోజోమ్‌లో ఒక చోట ఉందని గుర్తించారు. దానికి సబ్1 అని పేరు. అందులోని అసలు జన్యువేదో తేలడానికి మరో పదేళ్లు పట్టింది. డేవిస్‌లో పమేలా రోనాల్డ్, రివర్‌సైడ్ ప్రాంగణంలో జూలియా బెయిలీ-సెరెస్, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకి వెళ్లిన మెకిల్, అందరూ కలిసి 2006లో ‘నేచర్’ సైన్సు పత్రికలో ప్రకటించారు. ఇథిలీన్ పేరుకోగానే సబ్1ఎ అనే ఆ జన్యువు మేలుకుని, ఎదుగుదలకి పురమాయించే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ మాట చెల్లకుండా చేస్తుంది. పదేళ్ల పాటు ఒక్క జన్యువు వెనక పడటమంటే, మూడు నెలలకోసారి లాభాల లెక్క చెప్పాల్సిన కంపెనీ చేయగలిగే పని కాదు. రైతు ఏటా తన పంటలోంచే విత్తనం కట్టుకునే వరి మీదైతే అసలే చేయదు.

ఇక్కడే మన మార్టేరు కథలోకి వస్తుంది. పశ్చిమగోదావరి జిల్లాలోని ఆ వరి పరిశోధన కేంద్రం అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. వశిష్ఠ, మసూరి రకాల్ని కలిపి ఎంటీయూ 7029 అనే రకాన్ని తయారుచేసి 1982లో విడుదల చేసింది. అదే స్వర్ణ. ఎరువు తక్కువ వేసినా పండుతుంది కాబట్టి మన సరిహద్దు దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ పల్లపు చేలకి పాకిపోయింది. ఆ చేలకి ఏటా ముంపు భయం, స్వర్ణకేమో నీళ్లంటే పడదు.

అందుకని కొత్త రకం తయారుచేసి రైతుకి అలవాటు చేసే బదులు, అలవాటైన స్వర్ణలోకే ఆ ఒక్క గుణాన్ని దించారు. నా దృష్టిలో మొత్తం పనిలో తెలివైన నిర్ణయం ఇదే. పద్ధతి మన మేనరికాల్లాంటిది. సబ్1 ఉన్న వరితో స్వర్ణని కలిపి, పుట్టిన మొక్కని మళ్లీ స్వర్ణకే ఇచ్చి, దాని సంతానాన్ని మళ్లీ స్వర్ణకే ఇస్తారు. ప్రతిసారీ పరాయి వంతు సగానికి తగ్గుతుంది. ప్రతి తరంలో లేత ఆకు ముక్క తుంచి, డీఎన్ఏ చూసి, సబ్1 ఉన్న మొక్కల్నే ఉంచుతారు. ఈ పని మీద 2007లో వచ్చిన పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజది, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. ఇదంతా సంకరమే. రైతుకి చేరిన విత్తనం జన్యుమార్పిడి పంట కాదు, కాబట్టి ఆ అనుమతుల గొడవ కూడా లేదు.

స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. చిన్న తేడా ఒకటి మిగిలిపోయింది. స్వర్ణ ధాన్యం పొట్టు బంగారు రంగులో ఉంటుంది, పేరు దాన్నుంచే. సబ్1 పక్కనే పొట్టు రంగుని అణిచే జన్యువు ఉండటంతో అదీ వెంట వచ్చేసింది. స్వర్ణ-సబ్1 పొట్టు ఎండుగడ్డి రంగు. బంగారం పోయింది, పేరు మాత్రం ఉంది.

చేలో ఫలితమేమిటో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణం ఆర్థికవేత్తలు, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఒడిశాలో 128 ఊళ్లలో చూశారు. కొన్ని ఊళ్లలో కొందరు రైతులకి ఐదేసి కిలోల విత్తనం ఇచ్చి, మిగతా ఊళ్లతో పోల్చారు. పది రోజులు మునిగిన చేలో దిగుబడి స్వర్ణకంటే 45 శాతం ఎక్కువ. ముంపు లేని చోట నష్టమేమీ లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ముంపు ఎక్కువుండే పల్లపు భూములు ఎక్కువగా దళితుల చేతుల్లో ఉన్నాయి, కాబట్టి మేలు కూడా వాళ్లకే ఎక్కువ జరిగింది. ఎత్తు చేలు ఎవరివో, పల్లం చేలు ఎవరివో మన ఊళ్లు తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు. తర్వాతి అధ్యయనంలో, ఈ విత్తనం అందిన రైతులు ఎరువుకి ఇంకాస్త ఖర్చు పెట్టారనీ, చల్లకం మాని నాట్లకి మళ్లారనీ తేలింది. పోతుందన్న టెన్షన్ తగ్గితే చెయ్యి ముందుకొస్తుంది మరి.

సబ్1కి చేతకానివీ ఉన్నాయి. నెలల తరబడి మోకాలి లోతు నిలిచే నీటికి ఇది పనికిరాదు. బురద నీరు కమ్మితే వెలుతురు అందక బలం తగ్గుతుంది. అన్నిటికంటే మనకి ముఖ్యమైంది, కోతలప్పుడు ఏమీ చేయలేదు. మన తీరానికి తుపాను అక్టోబరు, నవంబరులో వస్తుంది, అప్పటికి చేను కంకి మీద ఉంటుంది. గాలికి పడిపోయి నీళ్లలో నానిన కంకిలో గింజ అక్కడే మొలకెత్తుతుంది. అక్కడ కావలసింది పడిపోని కాండం, పండాక కూడా రెండు మూడు వారాలు మొలకెత్తకుండా నిద్రపోయే గింజ.