పైతేటలో ఉందా, పొరలో ఉందా?

మేక కిడ్నీ పక్కన కొవ్వులో చిక్కుడు గింజంత అడ్రినల్ గ్రంథి ఉంటుంది. దాని లోపలి భాగం మెడుల్లా. అందులోని క్రోమాఫిన్ రేణువుల్లో డోపమైన్‌ను నారడ్రినలిన్‌గా మార్చే డోపమైన్ బీటా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కొంత రేణువు లోపల కరిగి ఉంటే, కొంత దాని పొరకు అంటుకుని ఉంటుంది. మనకు కావలసింది ఆ రెండో వాటా, దాన్ని వేరుచేసే పద్ధతి ఇది.

శ్రీకాకుళం ఎండల్లో మొదటి శత్రువు వేడి. గ్రంథిని వెంటనే మంచులో పెట్టాలి. అల్ట్రా సెంట్రిఫ్యూజ్ (అతివేగంగా తిప్పి భాగాల్ని వేరుచేసే యంత్రం) కోసం విశాఖ దాకా తీసుకెళ్ళాల్సి వస్తే ముక్కలు చెయ్యకండి, గడ్డకట్టించకండి. గడ్డకడితే రేణువులు పగిలిపోతాయి. కడిగి శుద్ధి చేసిన పొరలనైతే మైనస్ 80 డిగ్రీల్లో దాచుకోవచ్చు.

మెడుల్లాను మాత్రమే విడదీసి, గ్రాముకి 10 మి.లీ. చొప్పున 0.3 మోలార్ సుక్రోజ్‌లో (పీహెచ్ 7) చల్లగా నూరాలి. సెంట్రిఫ్యూజ్‌లో 1,000 జి (భూమ్యాకర్షణకు 1,000 రెట్ల బలం) వద్ద 10 నిమిషాలు తిప్పితే కేంద్రకాలు, పగలని కణాలు అడుగుకు దిగుతాయి. పైతేటను, అంటే పైన తేరుకున్న ద్రవాన్ని, 12,000 జి వద్ద 20 నిమిషాలు తిప్పితే రేణువులు, మైటోకాండ్రియాలు కలిసి దిగుతాయి. ఆ ముద్దను కొద్ది 0.3 మోలార్ సుక్రోజ్‌లో కలిపి, 1.6 మోలార్ సుక్రోజ్ మీద నెమ్మదిగా పోసి 1,00,000 జి వద్ద గంట తిప్పండి. బరువైన రేణువులు గులాబీ ఛాయతో అడుగుకు చేరతాయి, మైటోకాండ్రియాలు మధ్యనే ఆగిపోతాయి. అడుగు ముద్దలో మైటోకాండ్రియాల ఎంజైమైన సక్సినేట్ డీహైడ్రోజినేజ్ చర్య కనిపిస్తే విభజన సరిగా జరగలేదన్నమాట.

ఆ రేణువుల్ని 5 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలిపి ఉంచే పలచని ద్రావణం) పగలగొట్టి, మళ్ళీ 1,00,000 జి వద్ద తిప్పి, పొరల్ని రెండు మూడుసార్లు కడగాలి. ఇక్కడ తొందరపడితే కరిగిన ఎంజైమే పొరలో చిక్కుకుని మనల్ని మోసం చేస్తుంది. అందుకే కొద్ది భాగాన్ని 0.1 మోలార్ సోడియం కార్బొనేట్‌లో (పీహెచ్ 11.5) అరగంట మంచు మీద ఉంచి మళ్ళీ తిప్పి చూడాలి. వదులుగా అంటుకున్నది పైతేటలోకి వచ్చేస్తుంది, గట్టిగా నాటుకున్నది పొరలోనే ఉంటుంది. ఆ పీహెచ్‌లో చర్య దెబ్బతినొచ్చు కాబట్టి ఉనికిని యాంటీబాడీతో వెతకడమే నయం.

మిగతా పొరల్ని 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌లో 30 నిమిషాలు కరిగించాలి. 1,00,000 జి వద్ద గంట తిప్పాక కూడా పైతేటలో నిలిచిందే నిజంగా కరిగినట్టు లెక్క. ట్రైటాన్ 280 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి ఆ కొలతతో ప్రోటీన్ ఎంతుందో చెప్పొద్దు, రంగు మార్పుతో ప్రోటీన్‌ను కొలిచే బీసీఏ పద్ధతి వాడండి.

ఎంజైమ్ గుర్తింపుకి డోపమైన్ బదులు టైరమైన్ ఇచ్చి, అది ఆక్టోపమైన్‌గా మారిందా అని చూస్తారు. ఆస్కార్బేట్, ఫ్యూమరేట్, కేటలేజ్‌లతో పీహెచ్ 5 దగ్గర చర్య జరిపి, ఉత్పత్తిని కాలమ్‌లో వేరుచేసి, పెరియోడేట్‌తో ఆక్సీకరించి 330 నానోమీటర్ల వద్ద కొలవాలి. పోల్చి చూడడానికి మరగబెట్టిన ఎంజైమ్‌తో ఒక గొట్టం పక్కనే ఉండాలి. ఎంజైమ్‌కి రాగి ప్రాణం. ప్రోటీయేజ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లు) నిరోధకాల మిశ్రమంలో అలవాటుగా, లోహాల్ని పట్టుకునే ఈడీటీఏ వేశారా, అది రాగిని లాగేసుకుంటుంది. కణజాలంలోనే ఉండే నిరోధకాలు కూడా చర్యను తొక్కేస్తాయి. అందుకే రాగి మోతాదు కొద్దికొద్దిగా మార్చి చూడాలి. ఎక్కువైనా చర్య పడిపోతుంది.