క్యాసెట్ చచ్చిపోలేదు, హెడ్డు వంకర పోయింది: ఫోన్లో పాట పట్టుకునేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

మాది నెల్లూరు జిల్లా కావలి. ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా ఒక చిన్న గది. ముందు సగం మైకులు, కేబుళ్ళు, ఇయర్‌ఫోన్లు అమ్మే కౌంటరు, వెనక సగంలో పాత క్యాసెట్లూ రికార్డులూ ఫోన్లోకి ఎక్కించే పని. వచ్చేవాళ్ళలో సగం మంది భజన బృందాల కుర్రాళ్ళు, క్రిస్మస్ పాటలు సొంతంగా రికార్డు చేసుకునే చర్చి పిల్లలు, మిగతా సగం బీరువా సర్దుతుంటే క్యాసెట్ల డబ్బా దొరికి దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చే పెద్దవాళ్ళు. ఎవరొచ్చినా అవే ఏడెనిమిది మాటలు చెబుతారు, నేనూ అవే జవాబులు చెబుతుంటాను, గొంతు నొప్పి పుట్టి ఇక రాసేద్దామని కూర్చున్నాను.

అపోహ: "పాత క్యాసెట్ గదన్నా, సౌండు పోయుంటుంది"

పోదు. అంటే అంత తేలిగ్గా పోదు. మొన్న వింజమూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు, అరవై దాటి ఉంటాయి, చేతిలో ఒక 90 నిమిషాల క్యాసెట్, లేబుల్ మీద బాల్‌పెన్నుతో 1988 అని రాసి ఉంది. ఊరి తిరునాళ్ళలో వాళ్ళ నాయన పాడిన కాటిసీను పద్యాలు. "రెండు చోట్ల చూపించినా అబ్బయా, రీలు చచ్చిపోయింది, పారేయమన్నారు" అన్నాడు.

పెట్టి చూశాను. నిజమే, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. స, ష, చ అనే అక్షరాలు అసలు పలకడం లేదు, తాళాల చప్పుడు గోడకు తడి గుడ్డ కొట్టినట్టుంది. ఇలా వినపడితే రీలును తిట్టే ముందు హెడ్డు, అంటే టేపురికార్డరులో రీలుకు ఆనుకుని దాన్ని చదివే ముక్క, చూడాలి. క్యాసెట్ రీలు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఆ సన్నటి పట్టీ మీద పై స్థాయి ధ్వనులు మరీ దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉంటాయి కాబట్టి, రికార్డు చేసిన హెడ్డు ఏ వాలులో ఉందో చదివే హెడ్డూ అదే వాలులో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముందు పోయేది ఆ పై ధ్వనులే. 1988లో ఆ ఊరి టేపురికార్డరు హెడ్డు కాస్త వంకరగా ఉంటే, ఈరోజు మన డెక్కు (క్యాసెట్ తిప్పే మిషను) ఎంత సరిగ్గా ఉన్నా ఆ క్యాసెట్ మూగగానే వినిపిస్తుంది. లోపం రీలులో లేదు, రెండు హెడ్లకూ పొత్తు కుదరలేదంతే.

చేసిన పని చెబుతాను. ముందు హెడ్డునూ, రీలును లాగే ఇనప కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాను, పుల్ల గోధుమ రంగుకు తిరిగింది, నాలుగు పుల్లలు మార్చాను. రబ్బరు రోలరుకు తడిగుడ్డ చాలు. తర్వాత ప్లే నొక్కి ఉంచి, హెడ్డుకు రెండు వైపులా ఉండే స్క్రూలలో స్ప్రింగున్నదాన్ని సన్న స్క్రూడ్రైవరుతో పావు చుట్టు కంటే తక్కువ, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విన్నాను. స్టీరియో డెక్కయితే ఎడమ, కుడి ఛానళ్ళు రెండూ కలిపి మోనోలో వినండి, తేడా ఇట్టే తెలుస్తుంది. ఒకచోట దుప్పటి తీసేసినట్టు గొంతు బయటికొచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. (పని అయ్యాక స్క్రూను మళ్ళీ మామూలు జాగాకు తేవడం మర్చిపోవద్దు, నేనొకసారి మర్చిపోయి మర్నాడు పది క్యాసెట్ల కాపీలు పాడు చేసుకున్నాను.)

అయితే ఆయన ఒక నిమిషం విని, "మా నాయన గొంతు ఇంత సన్నం కాదే" అన్నాడు. నేను పట్టించుకోలేదు, ముప్పై ఏళ్ళు దాటిన జ్ఞాపకం కదా అనుకున్నాను. తప్పు నాదే. హార్మోణీ విడిగా వినిపించే చోట మా షాపులోని హార్మోణీతో పోల్చి చూస్తే, శృతి ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్యలో పడుతోంది. హార్మోణీ రీడ్లు అలా మధ్యలో పలకవు. రికార్డు చేసిన రోజు సెల్లులు బలహీనపడి టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే అంతా గబగబా, పైకి. వేగం సుమారు 6 శాతం పెరిగితే అర శృతి, అంటే హార్మోణీలో ఒక మెట్టు, పెరుగుతుంది.

కానీ శృతి మధ్యలో ఉందంటే పైకి జరిపి సరిచేయాలా, కిందికి జరపాలా? అది హార్మోణీ చెప్పదు. మైకుసెట్టు వాడి ఆంప్లిఫయరు చెప్పింది. పద్యం వెనక సన్నగా కరెంటు గుర్రు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, సాఫ్ట్‌వేరులో చూస్తే ఆ గుర్రు 52 దగ్గర కనిపించింది. అంటే వేగం ఎక్కువ, తగ్గించాలి. ఆ రోజుల్లో ఊళ్ళ కరెంటు సరిగ్గా 50 మీద నిలిచేది కాదు కాబట్టి గుర్రును దిక్కు తెలుసుకోడానికి మాత్రమే వాడుకుని, కొలత హార్మోణీతో తెచ్చుకున్నాను. హార్మోణీకీ హార్మోణీకీ కూడా కాస్త తేడా ఉంటుంది, కాబట్టి వెంట్రుకవాసి లెక్క అని చెప్పను. నాలుగో శృతి దగ్గర కూర్చుంది. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

అపోహ: "నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న కాలర్ మైకు పాటకు కూడా మంచిదే"

ఇది ఈమధ్య నన్ను బాగా విసిగిస్తున్న మాట. వైర్‌లెస్ కాలర్ మైకు మీద ఒక బటన్ ఉంటుంది, ఆకుపచ్చ లైటు వెలుగుతుంది, దాన్ని నొక్కితే ఫ్యాను చప్పుడు పోతుంది. మాట్లాడేవాడికి బ్రహ్మాండం. ఆ చిప్పుకు తెలిసిన సూత్రం ఒక్కటే: మాటలాగా ఆగుతూ సాగుతూ ఉన్నది మనిషి, ఒకే తీరుగా ఆగకుండా మోగేది చెత్త. మరి తంబూర? శృతి బాక్స్? అవి పుట్టిందే ఆగకుండా మోగడానికి. ఒక భజన బృందం వాళ్ళు మైకు పాడైందని తెచ్చారు, వింటే పాటలో శృతి ఉంటోంది, పోతోంది, గాయకుడు స్వరం పట్టుకుని సాగదీసిన చోటల్లా గొంతు నీళ్ళలో మునిగినట్టవుతోంది. బటన్ ఆపేశాను. మైకు బాగయిపోయింది. డబ్బులు అడగడానికి నాకే సిగ్గేసింది.

ఫోన్లో కూడా ఇదే గొడవ. వాట్సాప్ వాయిస్ మెసేజ్ మాట కోసం చేసింది, దాంట్లో వీణ పంపించి "మా అమ్మాయి వాయించింది, ఎలా ఉంది" అని అడిగితే నేనేం చెప్పను. మామూలు రికార్డర్ యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో వేవ్ ఫార్మాట్ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) ఉంటే అది పెట్టుకుని, ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, చార్జరు తీసేసి రికార్డు చేయండి. చార్జరు పెట్టి ఉంచితే చాలా ఫోన్లలో గుర్రు వస్తుంది.

అపోహ: "ఎర్ర లైటు వెలిగేదాకా పెంచితేనే క్లారిటీ"

దీన్ని చెప్పేవాళ్ళను నేను తిట్టను, ఎందుకంటే క్యాసెట్ రోజుల్లో ఇది నిజమే. రీలుకు సొంతంగా ఒక బుస్సుమనే చప్పుడు ఉంటుంది, మెల్లగా రికార్డు చేస్తే ఆ బుసలో పాట మునిగిపోతుంది, అందుకని సూది ఎరుపులోకి తొంగిచూసేదాకా పెంచేవాళ్ళు. రీలు కాస్త ఎక్కువైనా ఓర్చుకునేది. డిజిటల్‌లో ఆ ఓర్పు లేదు. మీటరు సున్నా డెసిబెల్స్ దాటితే అల తల నరికేసినట్టు చదును అయిపోతుంది, ఆ పగులును తర్వాత పూర్తిగా అతికించడం ఎవరి వల్లా కాదు. పాటలో అతి గట్టి చోటు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోండి, రికార్డరు సెట్టింగ్స్‌లో 24 బిట్ ఉంటే ఇంకా నిశ్చింత. చిన్నగా ఉందే అనిపిస్తే తర్వాత పెంచుకోవచ్చు.

అపోహ: "బ్లూటూత్ బడ్స్ పెట్టుకుని ట్రాక్ వింటూ పాడొచ్చు"

వినొచ్చు, పాడలేరు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, ఆ లెక్కన 200 మిల్లీసెకన్లంటే డప్పు కొట్టేవాడు మీకు దాదాపు 69 మీటర్ల అవతల నిలబడి ఉన్నట్టు. అంత దూరంలో ఉన్న డప్పుతో తాళం కలిపి చూడండి. వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి, అయిపోయింది.

అపోహ: "పిన్ను పడితే పనిచేస్తుంది"

మా కౌంటరు దగ్గర సగం గొడవలు ఇవే. ఇయర్‌ఫోన్‌కు ఉండే 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే అది కెమెరాకూ మిక్సరుకూ చేసిన పిన్ను, మూడు ఉంటే ఫోనుది. రెండు గీతల మైకును ఫోన్లో గుచ్చితే ఫోను దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుని తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది, మీరేమో మైకు దండగ అని నా మీదికొస్తారు. టైప్-సి డాంగిల్స్ అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్నింటిలో శబ్దం మార్చే చిప్పు ఉంటుంది, కొన్ని ఉత్త తీగలు, ఆ రెండో రకం చాలా ఫోన్లలో పలకవు. అలాగే చార్జింగుకు మాత్రమే పనికొచ్చే టైప్-సి కేబుళ్ళున్నాయి, వాటిలో డేటా తీగలే ఉండవు, వాటితో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని ఫోన్లోకి పంపే పెట్టె) కలిపి రాత్రంతా కుస్తీ పట్టిన వాళ్ళను చూశాను.

టేపురికార్డరును నేరుగా ఫోను మైకు పిన్నుకు కలిపేవాళ్ళకు కూడా ఒక మాట. ఫోను ఎదురుచూసేది మిల్లీవోల్టుల్లో ఉండే మైకు శబ్దం, టేపురికార్డరు లైన్ అవుట్‌లోంచి వచ్చేది సుమారు 0.3 వోల్టు. మొత్తం పగిలిపోతుంది, పైగా ఆ పిన్నులో మైకు దారి ఒక్కటే కాబట్టి స్టీరియో కూడా రాదు. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి, ఆ ఒక్కదానికి మాత్రం డబ్బులు దాచొద్దు.

అపోహ: "గదికి కోడిగుడ్ల అట్టలు కొడితే స్టూడియో"

అట్ట శబ్దాన్ని ఆపదు. బయటి లారీ హారను లోపలికి వస్తూనే ఉంటుంది. లోపలి మోత తగ్గాలంటే దూది బొంతలు, పరుపు, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడి పాడటం, ఇవి అట్టల కంటే నయం, ఎలుకలు కూడా చేరవు. మైకును జానెడు దూరానికి తెచ్చుకోండి, దూరం రెట్టింపయితే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం తగ్గదు. ఇలాంటి గదుల్లో ఖరీదైన కండెన్సర్ మైకు కంటే 1966 నుంచి అమ్ముడవుతున్న షూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకే మేలు, పక్కింటి కుక్కర్ విజిల్ దాకా చెవి పెట్టదు.

అపోహ: "128 కేబీపీఎస్ ఎంపీ3 పాటను 320 చేసుకుంటే క్వాలిటీ పెరుగుతుంది"

పలచటి మజ్జిగను పెద్ద చెంబులో పోసినట్టు.

అపోహ: "ఏ రికార్డయినా స్పిరిట్‌తో తుడవొచ్చు"

క్యాసెట్ హెడ్డుకు ఆల్కహాల్ అన్నాను కదా అని గ్రామఫోను రికార్డుల మీద ప్రయోగం చేయకండి, దండం పెడతాను. పాత 78 ఆర్‌పీఎం రికార్డులు లక్కతో చేసినవి. చెక్కకు పాలిష్ పట్టేవాళ్ళు లక్కను కరిగించేది స్పిరిట్లోనే. అమ్మమ్మ రికార్డును మెరిపిద్దామని ఒకమ్మాయి శానిటైజరు రాసింది, గాడులు మసకబారి నా దగ్గరికొచ్చింది, చేయగలిగింది ఏమీ లేదు. మెత్తటి బ్రష్, మామూలు నీళ్ళు, లేబుల్ తడవకుండా. సూది కూడా వేరే ఉండాలి: 78 గాడికి సుమారు 75 మైక్రాన్ల సూది, ఎల్‌పీ (తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డు) సూది 18 నుంచి 25, అది ఆ వెడల్పు గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది.

అపోహ: "ఏఐతో శుభ్రం చేస్తే కొత్త రికార్డింగే"

వింజమూరాయన కథ ఇంకా ఉంది. శృతి కుదిరాక నాకూ హుషారొచ్చి, ఇప్పుడొస్తున్న ఏఐ టూల్‌లో పెట్టి గొంతును విడదీశాను. గుర్రు పోయింది, బుస పోయింది, పెద్దాయన పద్యం తళతళలాడుతూ వచ్చింది. గర్వంగా వినిపించాను. ఆయన చివరిదాకా విని, "వన్స్ మోర్లు యాడికి పోయినయ్ అబ్బయా?" అన్నాడు.

పద్యం అయిపోగానే జనం ఈలలేసి వన్స్ మోర్ అని అరిచారు, ఆయన నాయన నవ్వి గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ టూల్‌కు అదంతా చెత్త. రాగం కింద సాగే హార్మోణీని కూడా సగం కొరికేసింది, నేను గొంతు మీదే ధ్యాస పెట్టి గమనించలేదు.

మళ్ళీ మొదటి కాపీ తీశాను. 90 నిమిషాలకు వేవ్ ఫైలు ఒక జీబీకి కాస్త తక్కువ అవుతుంది, నాణ్యత పోకుండా ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి కుదిస్తే సుమారు సగానికొస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆయన ఫోన్లో ఒకటి వేశాను. హైదరాబాదులో ఉన్న చెల్లెలికి అప్పుడే పంపాలన్నాడు, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టి పంపాను, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. శుభ్రం చేసిన కాపీ కూడా ఇస్తానన్నాను. వద్దన్నాడు. క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు, ఒక్కో వైపుకు ఒకటి, రెండూ ఇంకా విరక్కుండా అలాగే ఉన్నాయి, ఎవరైనా పొరపాటున రికార్డు నొక్కితే అంతా పోతుందని చెప్పి, స్క్రూడ్రైవరు మొనతో వాటిని విరిచి క్యాసెట్ ఆయన చేతిలో పెట్టాను.