బస్సు సీట్లో తువ్వాలు, వరిలో ఎండాకు తెగులు

మొన్న బుచ్చిరెడ్డిపాళెం పోతే మా మామ పట్టుకున్నాడు. "ఏంది అబ్బయా, ఈ ఇంప్రూవ్డ్ సాంబమసూరి కూడా బీటీ పత్తి మాదిరి జన్యువు ఎక్కించిందేనా?" అని. కాదు మామా, మామూలు సంకరమే, కాకపోతే మొక్కల్ని డీఎన్ఏ చూసి ఏరారు అన్నాను. నమ్మలేదు, అందుకే ఇది రాస్తన్నా.

సాంబమసూరి అంటే మన బీపీటీ 5204 వరి, బాపట్లది. అన్నం బ్రహ్మాండం, ఎండాకు తెగులొస్తే మాత్రం ఆకు అంచులెంబడి అలలు అలలుగా ఎండిపోద్ది. దిష్టి తగిలిందని చేలో గుమ్మడికాయ కట్టినోళ్ళని చూశా. ఆ ఆకు ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి వెయ్యండి, కోసిన చోట నుంచి పాలపొగ లాగా బాక్టీరియా కారుతా కనపడుద్ది, దిష్టి కారదు గదా.

దీన్ని ఆపే జన్యువులు మూడు తెచ్చారు, ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. తంటా ఎక్కడంటే, చివరి రెండూ ఒక్క కాపీ ఉంటే పనిచెయ్యవు, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ రావాలి. సాంబమసూరితో తిరిగి కలిపిన ప్రతిసారీ పిల్లమొక్కకి ఒక్క కాపీయే దక్కుద్ది, పైగా ఎక్స్ఏ21 ఒక్కటున్నా మొక్క తట్టుకుంటది కాబట్టి తెగులు అంటించి చూసినా మిగతా రెండూ ఉన్నాయో లేదో తెలీదు.

ఇక్కడే తువ్వాలు. ఆత్మకూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేస్తారే, మనిషి ఎక్కకపోయినా సీటు ఎవరిదో తెలుస్తది. మార్కర్ అదే, డీఎన్ఏలో జన్యువు పక్కనుండే గుర్తు, నారు మడిలోనే చిటికెడు ఆకు తీసి చూడొచ్చు. "తువ్వాలు పక్కన పడేసి కూర్చునేవాడి సంగతేంది?" అన్నాడు మామ. భలే పట్టాడు! క్రోమోజోములు ముక్కలు మార్చుకునేటప్పుడు గుర్తూ జన్యువూ విడిపోవచ్చు, దూరం పెరిగేకొద్దీ ఆ ప్రమాదం ఎక్కువ, అందుకే ఎక్స్ఏ21కి పీటీఏ248 లాంటి బాగా దగ్గరి గుర్తు వాడారు.

మిగతా బస్సంతా సాంబమసూరి వాళ్ళే ఉండాలి, లేకపోతే ఆ అన్నం రాదు. మొదటి సంకరంలో సగం, తర్వాత సగటున 75, 87.5 శాతం, అట్లా నాలుగుసార్లు తిరిగి కలుపుతా, ప్రతిసారీ వేరే గుర్తులతో సాంబ వాటా ఎక్కువున్న మొక్కనే ఉంచుకున్నారు. చివర్లో దాన్ని దానితోనే కలిపితే మూడూ రెండేసి కాపీలతో వచ్చేది 64లో ఒక్కటి, ఎందుకంటే ఒక్కో జన్యువుకి నాలుగులో ఒక్కటి, అవి 5, 8, 11 క్రోమోజోముల మీద విడివిడిగా ఉన్నాయి కాబట్టి 4×4×4 (మెండెల్ బఠాణీలు బట్టీ పట్టించే బదులు క్లాసులో ఈ 64 లెక్క చెప్పొచ్చు). హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఈ వంగడం 2008లో విడుదలైంది.

అగ్గితెగులుకి మాత్రం ఇది కాదు మామా, దాని జన్యువులు వేరే.