నెడుముడి వేణు నటన: కొన్ని అపోహలు, వాస్తవాలు

నటన నేర్పడమే వృత్తి కనుక, కొత్తగా చేరిన ప్రతి బృందానికీ మొదటి వారంలోనే మలయాళ నటుడు నెడుముడి వేణు చిత్రాలు కొన్ని చూపిస్తాను. చూశాక విద్యార్థులు అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో చాలావరకు పొగడ్తలే అయినా, అపోహలు ఆ పొగడ్తల్లోనే దాగి ఉంటాయి.

అపోహ: ఆయన నటించరు, ఊరికే మామూలుగా ఉంటారు.

వాస్తవం: ఆ మామూలుతనం వెనుక చాలా ఏళ్ల తాళ సాధన ఉంది. ఆయన 1948లో కేరళలోని కుట్టనాడులో, సముద్రమట్టానికి దిగువన వరి పండించే ఆ నీటి నేలలో, నెడుముడి అనే ఊళ్లో పుట్టారు. ఊరి పేరే ఇంటిపేరులా ఆయనతో నిలిచిపోయింది. మృదంగం వాయించేవారు, జానపదాలు పాడేవారు. పొరుగునే ఉన్న కావాలం గ్రామానికి చెందిన నాటకకర్త కావాలం నారాయణ పణిక్కర్ బృందంలో ఆయన నటుడిగా రూపుదిద్దుకున్నారు. పణిక్కర్ నాటకాల్లో మాట, అడుగు, చూపు మూడూ లయకు కట్టుబడి సాగుతాయి. తాళం తప్పితే సంభాషణ గుర్తున్నా ప్రయోజనం ఉండదు. ఈ సంగతి మాటల్లో చెబితే విద్యార్థులకు నమ్మకం కుదరదు కాబట్టి, శబ్దం పూర్తిగా తీసేసి, ఆయన ఉన్న ఒక సన్నివేశం వేసి, తొడపై తాళం వేస్తూ చూడమంటాను. ఆయన తల తిప్పడం, కండువా సర్దుకోవడం, ఎదుటివారి మాట విని ఒక్క క్షణం ఆగడం ఎక్కడెక్కడ పడుతున్నాయో రెండోసారి చూసేటప్పటికి వారికే తెలిసిపోతుంది. (మృదంగం నేర్చుకున్న పిల్లలైతే మొదటిసారికే పట్టేస్తారు, వారిని చూస్తే నాకు కొంచెం అసూయ.)

అపోహ: నాటకాల నుంచి వచ్చినవారికి కెమెరా ముందు అతి తప్పదు.

వాస్తవం: పణిక్కర్ రాసిన ‘అవనవన్ కడంబ’ను ఆరుబయట, చెట్ల మధ్య ప్రదర్శింపజేసిన దర్శకుడు జి. అరవిందనే 1978లో ‘తంపు’ చిత్రంతో వేణును కెమెరా ముందుకు తెచ్చారు. మరుసటి ఏడాది భరతన్ తీసిన ‘తకర’లో వడ్రంగి చెల్లప్పన్ ఆశారి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. అతి అనేది నాటకం అంటించే జబ్బు కాదు, కొలత తెలియకపోవడం వల్ల వచ్చేది. ఇంతకు మించి ఈ విషయంపై వాదన అనవసరం.

అపోహ: ముసలి పాత్ర అంటే నడుము వంచాలి, దగ్గాలి, చేయి వణకాలి.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టే అపోహ ఇదే. 1987లో భరతన్ తీసిన ‘ఒరు మిన్నామినుంగింటె నురుంగువెట్టం’లో పదవీ విరమణ చేసిన రావుణ్ణి మాస్టారుగా నటించేనాటికి వేణుకు నలభై ఏళ్లు నిండలేదు. ఆయన భార్యగా, తనూ విశ్రాంత ఉపాధ్యాయినిగా నటించినది మన తెనాలి శారద. వయసులో ఆమె ఆయనకన్నా పెద్ద. అయినా పిల్లలు లేని ఆ వృద్ధ దంపతులను చూస్తున్నంతసేపూ ఈ లెక్కలేవీ మనకు తోచవు. ఒకసారి ఇరవై రెండేళ్ల కుర్రవాడు తాత పాత్ర చేస్తూ “మందు వేసుకున్నావా?” అనే చిన్న మాటకు ముందు మూడుసార్లు దగ్గాడు. దగ్గు మానేసి, కుర్చీలో నిటారుగానే కూర్చుని, భార్య వైపు చూశాక నాలుగు అక్షరాల కాలం ఆగి, ఆ తరువాత అడగమన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ తాతకు ఎన్నేళ్లుంటాయని అడిగితే డెబ్బై అని ఒకరు, డెబ్బై అయిదు అని మరొకరు అన్నారు.

అపోహ: ఎంత గొప్పవాడైనా ఆయన సహాయ నటుడే కదా.

వాస్తవం: పైన చెప్పిన రావుణ్ణి మాస్టారి పాత్రకు ఆయన అందుకున్నది కేరళ రాష్ట్ర ఉత్తమ నటుడి పురస్కారం. అంతకుముందు 1981లో ‘విడపరయుం ముంపే’కు, తరువాత 2003లో ‘మార్గం’కు కూడా అదే పురస్కారం దక్కింది. 1990లో ‘హిజ్ హైనెస్ అబ్దుల్లా’లో సంస్థానాధీశుడి పాత్రకు జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చిన మాట నిజమే. అయితే ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘భరతం’ చూసినవారు, తాగుడుకు బానిసై కచేరీ వేదికపైనే గతి తప్పే అన్నగారిని సహాయ పాత్ర అని తేలిగ్గా తీసేయలేరు. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళం కూడా వినిపించే ఆ చిత్రంలో, విద్వాంసుడి పాత్రధారి పెదవులు కలిపితే చాలదు, ఊపిరి తీసే చోటు కూడా పాటతో కలవాలి. మృదంగం ముందు కూర్చున్న అలవాటు ఆయనకు అక్కడ అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం.

మన ప్రేక్షకుల్లో చాలామందికి ఆయన ‘భారతీయుడు’లో సేనాపతిని వెంటాడే సీబీఐ అధికారి కృష్ణస్వామిగా, ‘అపరిచితుడు’లో తండ్రిగా మాత్రమే తెలుసు. ఆ రెండూ అనువాద చిత్రాలు కావడంతో, తెలుగులో మనం విన్నది ఇంకొకరి గొంతు. 2021 అక్టోబరు 11న ఆయన తిరువనంతపురంలో కన్నుమూసిన తరువాత ఆ వారమంతా తరగతిలో మలయాళ చిత్రాలే వేశాను. భాష అర్థం కాదని ఒక అమ్మాయి గొణిగింది. నిజమే, మొదటి రోజు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మూడో రోజుకు ఆ అమ్మాయే, ఆయన ఎక్కడ ఆగబోతున్నారో ముందుగానే వేలు ఎత్తి చూపించడం మొదలుపెట్టింది.