ఖర్చా, కోతా? ఈ గొడవకు మూలం 1937లో ఉంది

ప్రభుత్వాల ఖర్చు మీద పాత వాదన మళ్లీ రాజుకుంది. అప్పులు పెరిగిపోయాయి, ఇక చేయి బిగించాల్సిందేనని ఒక పక్షం అంటోంది. జనం కొనడం తగ్గించినప్పుడు సర్కారు కూడా ఖర్చు ఆపేస్తే ఉద్యోగాలు పోతాయని రెండో పక్షం అంటోంది. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలి మహామాంద్యం రావడం, జనం కొనడం తగ్గితే సర్కారే ఖర్చు పెట్టాలన్న బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ సిద్ధాంతం చాలామందికి తెలిసిన కథే. ఈ తగువు అర్థం కావాలంటే నేరుగా 1937 నాటి అమెరికాకు వెళ్లాలి.

అప్పటికి ఆ దేశం తేరుకుంటోంది. 1933లో దాదాపు 25 శాతం ఉన్న నిరుద్యోగం 14 శాతం దగ్గరికి దిగింది. 1936లో మాజీ సైనికులకు భారీ బోనస్ అందింది. నిజానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని వీటో చేశారు, అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది. ఆ డబ్బు బజారులోకి వచ్చింది, అమ్మకాలు పెరిగాయి.

గండం గడిచిందని వాషింగ్టన్ నమ్మింది. బడ్జెట్ లోటు పూడ్చాలని ట్రెజరీ మంత్రి హెన్రీ మోర్గెంథో పట్టుబట్టారు. ఉపాధి పనులకు కోత పడింది. బోనస్ ఒక్కసారితో అయిపోయింది. వృద్ధాప్య పింఛన్ల కోసం పెట్టిన సామాజిక భద్రత పన్ను 1937 జనవరి నుంచి జీతాల్లోంచి కోయడం మొదలైంది. కానీ నెలవారీ పింఛన్లు మొదలైంది 1940లో! అంటే మూడేళ్లపాటు జనం జేబుల్లోంచి డబ్బు తీయడమే ఎక్కువ, తిరిగి ఇచ్చింది చాలా తక్కువ.

ఫలితం 1937 మే నుంచి కనిపించింది. ఏడాది తిరిగేసరికి పారిశ్రామిక ఉత్పత్తి దాదాపు మూడో వంతు పడిపోయింది. 1938లో నిరుద్యోగం 19 శాతానికి చేరింది. నాలుగేళ్ల కష్టంలో పెద్ద భాగం ఏడాదిలో కొట్టుకుపోయింది. 1938 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ మనసు మార్చుకుని, 300 కోట్ల డాలర్లకు పైగా కొత్త ఖర్చుకు, రుణాలకు అనుమతి కోరారు. ఆ వేసవి నుంచే ఆర్థిక వ్యవస్థ మళ్లీ లేచింది.

తప్పు బడ్జెట్‌ది కాదు, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ది అన్నది ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వర్గం వాదన. 1936-37లో బ్యాంకులు అప్పులివ్వకుండా పక్కన పెట్టాల్సిన నిల్వలను అది రెట్టింపు చేసిన మాట నిజం. అయితే ఆ దెబ్బ కూడా తొందరపడి బిగించడం వల్ల తగిలిందే కదా.

ఖర్చు పెడుతూనే పొమ్మని కీన్స్ కూడా అనలేదు. ఖజానా పొదుపు పాటించాల్సింది బాగున్న రోజుల్లో, పడిపోయిన రోజుల్లో కాదని ఆయన 1937లోనే రాశారు. ఈ షరతును ఆయన విమర్శకులు తరచు వదిలేస్తారు.

2010 జూన్‌లో టొరంటోలో పెద్ద ఆర్థిక వ్యవస్థల కూటమి జీ20 నేతలు కూర్చున్నప్పుడు ఈ పాఠం ఎవరికీ తెలియనిది కాదు. ఒబామా ఆర్థిక సలహాదారు క్రిస్టినా రోమర్ 1937ను గుర్తు చేస్తూ ఏడాది ముందే హెచ్చరించారు. అయినా సంపన్న దేశాలు 2013కల్లా లోటును సగానికి తగ్గిస్తామని మాటిచ్చాయి. అప్పటికే కోతల్లో ఉన్న గ్రీస్‌లో 2013 నాటికి నిరుద్యోగం 27 శాతం దాటింది. ఒక డాలర్ కోత పెడితే ఉత్పత్తి అర డాలరే తగ్గుతుందన్న లెక్కతో చాలా అంచనాలు తయారయ్యాయి. అసలు నష్టం 0.9 నుంచి 1.7 డాలర్ల దాకా ఉందని అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 2012లో తేల్చింది.

ఖర్చు పెంచితే ధరలే పెరుగుతాయనడానికి కోత పక్షం చేతిలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి 1970ల్లో ధరలు, నిరుద్యోగం కలిసి పెరగడం. రెండోది ఇటీవలిది: 2021లో అమెరికా 1.9 లక్షల కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చింది, 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎగబాకింది. సరఫరా చిక్కులు, ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెరిగిన చమురు ధరల వాటా తీసేసినా ఈ అభ్యంతరంలో బలం ఉంది. కానీ ఆ నెలలో అక్కడి నిరుద్యోగం 3.6 శాతమే. బిగించమని కీన్స్ చెప్పింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

కాబట్టి కోత కోరేవారు రెండు అంకెలు ముందుగా బయటపెట్టాలి. ఇప్పుడు పని లేనివారు ఎందరు? ఒక డాలర్ కోతకు ఎంత ఉత్పత్తి పోతుందనుకుని లెక్క వేశారు?