గట్టుకి అటూ ఇటూ చేపలు

బంగారు తల్లులూ,

"సముద్రమే కదా పెద్దది అమ్మమ్మా, మరి ఏరుల్లో, చెరువుల్లో అన్ని రకాల చేపలెందుకు?" అని ఫోన్లో అడిగారు. ఫోన్లో తెమిలే మాట కాదది. భూమ్మీది నీళ్లలో నదులవీ చెరువులవీ కలిపినా నూటికి ఒక వంతు కూడా ఉండవు. అయినా చేప జాతుల్లో దాదాపు సగం వాటిలోనే బతుకుతున్నాయి.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దిగే వంజరమూ చెన్నైలో దిగే వంజరమూ ఒకే జాతి. మధ్యలో అడ్డం లేదు, ఈదుకుంటూ పోతాయి. ఏటి చేపకి ఆ వీలు లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. మాచ్‌ఖండ్ కూడా మన కొండల్లోనే పుట్టినా, సీలేరై, శబరిలో కలిసి గోదావరికి పోతుంది. చేపకి మధ్యలోని కొండ దాటరాని గోడ. (వానల్లో తడి నేల మీద పాకుతూ పక్క చెరువుకి పోయే కొర్రమీను సంగతి వేరు.)

అలా విడిపోయిన చేపలకి పుట్టే పిల్లల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. వడి నీటిలో రాతిని కరుచుకోగలిగినవి బతికి పిల్లల్ని పెడతాయి. నిలవ నీటిలో ఇంకో రకం నెగ్గుతుంది. కొన్ని మార్పులు కేవలం యాదృచ్ఛికంగా నిలిచిపోతాయి. వేల తరాలు గడిచాక రెండిటినీ ఒకే నీటిలో కలిపినా జత కట్టవు, కట్టినా పిల్లలు నిలవకపోవచ్చు. అప్పుడవి రెండు జాతులు.

గోడ లేకుండా కూడా జాతులు పుడతాయి. నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది. ఆ తర్వాత అందులో దాదాపు 500 రకాల సిక్లిడ్ చేపలు పుట్టాయి, మన బజార్లో దొరికే తిలాపియాకి చుట్టాలు. అక్కడ లోతుకి పోయేకొద్దీ నీలి వెలుగు తగ్గి ఎరుపు మిగులుతుంది. అందుకని పైనుండే ఆడచేపల కళ్లకి నీలి రంగు మగచేప బాగా ఆనుతుంది, లోతునుండే వాటికి ఎర్రది. ఎవరికి నచ్చిన రంగుని వాళ్లు ఎంచుకుంటూ పోతే, ఒకే సరస్సులో రెండు జాతులు నిలుస్తాయి.

ఆ నీళ్లు మసకబారితే? ఆ చేపల్ని పరిశోధించిన శాస్త్రవేత్త ఓలె సీహౌజెన్, ఆయన తోటివారు 1997లో ప్రకటించింది ఇదే: ఎరువులు, మట్టి కొట్టుకొచ్చి నీళ్లు చిక్కబడ్డ చోట ఆడచేపలు రంగు పోల్చుకోలేకపోయాయి, జాతులు మళ్లీ కలిసిపోతున్నాయి. వేల ఏళ్లలో పుట్టినవి మన కళ్లముందే పోతుంటే నాకు దిగులేస్తుంది.

ఈ సెలవుల్లో మేఘాద్రిగెడ్డ జలాశయం వైపు వెళితే, గట్టు మీద నుంచే చూడండి, నీళ్లలో ఎంత లోతు దాకా కనిపిస్తోందో. వానకి ముందోసారి, తర్వాతోసారి చూసి నాకు రాయండి.

మీ అమ్మమ్మ