సీవీని కంప్యూటరే తీసేస్తుందా? ఏటీఎస్‌పై అపోహలు - వాస్తవాలు

"మీ కంప్యూటరే నన్ను తీసేసిందట కదండీ" అని అడిగే అభ్యర్థి వారానికొకరైనా నాకు తగులుతారు. రిక్రూటర్‌గా పదకొండేళ్లుగా ఈ సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుంటున్నాను. పని బాగా వచ్చినవాళ్లు కూడా లేనిపోని భయాలతో సీవీని చేతులారా పాడుచేసుకుంటుంటే బాధేస్తుంది. అందుకే నా తెర మీద ఏం కనిపిస్తుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఏటీఎస్ అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, ఉద్యోగాలకు వచ్చే అప్లికేషన్లను చూసుకోవడానికి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, లీవర్, టాలియో లాంటివన్నీ ఆ కోవలోవే.

అపోహ: నూటికి 75 సీవీలను మనిషి చూడకముందే ఏటీఎస్ చెత్తబుట్టలో వేసేస్తుంది.

ఈ 75 అనే అంకె ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని వెనక ఇదిగో అని చూపించదగ్గ అధ్యయనం మాత్రం లేదు. ఏటీఎస్ అసలు పని వచ్చిన అప్లికేషన్లను ఒకచోట దాచడం, ఎవరు ఏ దశలో ఉన్నారో చెప్పడం, నేను వెతికితే చూపించడం. మనిషి ప్రమేయం లేకుండా తిరస్కరణ జరిగిందంటే, చాలావరకు అది సీవీ వల్ల కాదు, ఫారంలో అడిగిన ప్రశ్నల వల్ల. ఆ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, ఫలానా లైసెన్సు ఉందా, ఎన్నేళ్ల అనుభవం... వీటిని మేం నాకౌట్ ప్రశ్నలంటాం. కంగారులో 'అవును' బదులు 'కాదు' నొక్కినవాళ్లను చూశాను. ఇక సీవీ ఎంత బాగున్నా లాభం లేదు, నిమిషాల్లో రిజెక్షన్ మెయిల్ వెళ్లిపోతుంది. అంత తొందరగా మెయిల్ వస్తే ముందు ఆ జవాబులనే అనుమానించండి.

అలాగని యంత్రం పాత్ర ఏమీ లేదనను. ఇప్పుడు కొన్ని సిస్టమ్స్ జేడీకి, అంటే ఆ ఉద్యోగానికి ఏం కావాలో చెప్పే వివరణకి (జాబ్ డిస్క్రిప్షన్), ఏ సీవీ ఎంత దగ్గరగా ఉందో ఏఐతో లెక్కకట్టి వరస పెడుతున్నాయి. వందల అప్లికేషన్లు వచ్చిన పోస్టుకు అట్టడుగున పడ్డ సీవీ దాకా రిక్రూటర్ వెళ్లకపోవచ్చు.

అపోహ: డిజైన్ ఎంత కొట్టొచ్చినట్టుంటే అంత మంచిది.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మీరు పంపిన ఫైల్లోంచి సిస్టమ్ ముందు అక్షరాలను బయటికి లాగుతుంది. తర్వాత పేరు, ఫోన్, కంపెనీ, హోదా, తేదీలు అని గడుల్లో సర్దుతుంది. బొమ్మల సంగతి దానికి పట్టదు. స్కిల్ పక్కన ఐదు చుక్కల్లో నాలుగు నింపి పెడితే దానికి తెలిసేది సున్నా.

ఒకసారి నా దగ్గరికి రెండు కాలమ్‌ల సీవీ వచ్చింది. ఎడమ పక్క స్కిల్స్, కుడి పక్క ఉద్యోగాలు. కంటికి ముచ్చటగా ఉంది. సిస్టమ్ మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు, వరస తర్వాత వరస చదువుకుంటూ పోయింది. కంపెనీ పేరు ఉండాల్సిన గడిలో 'ఎక్సెల్ సీనియర్' అని పడింది. ఆరేళ్ల అనుభవానికి ఒక్క తేదీ కూడా సరిగ్గా దక్కలేదు. అసలు ఫైల్ తెరిచి చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ అభ్యర్థి ఫ్రెషర్ల లెక్కలో కలిసిపోయేవారు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కొన్ని అలంకారపు ఫాంట్లలో ఎఫ్, ఐ పక్కపక్కన వస్తే ఆ రెండూ ఒకే గుర్తుగా అతుక్కుపోతాయి. పీడీఎఫ్ సరిగ్గా తయారు కాకపోతే, అక్షరాలను లాగేటప్పుడు ఆ గుర్తు ఎగిరిపోతుంది. అప్పుడు ఆఫీసర్ అన్న ఇంగ్లీషు మాట మధ్యలో ఖాళీ మిగులుతుంది, సర్టిఫికేషన్ విరిగి రెండు ముక్కలవుతుంది. నేను ఆ మాట కొట్టి వెతికితే మీరు దొరకరు.

పరీక్షించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. సీవీ మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పైనుంచి కిందకి చదివితే అర్థమైతే సిస్టమ్‌కీ దాదాపు అర్థమైనట్టే. ఫోన్ నంబర్, మెయిల్ కనిపిస్తున్నాయో లేదో ప్రత్యేకంగా చూడండి. పేజీ హెడర్‌లో పెట్టినవాటిని కొన్ని సిస్టమ్స్ చదవకుండా దాటేస్తాయి, వాటిని పేరు కిందే మామూలు వరసలో రాయండి.

అపోహ: పీడీఎఫ్ పంపితే ఏటీఎస్ చదవలేదు.

వర్డ్‌లోంచి సేవ్ చేసిన మామూలు పీడీఎఫ్‌ను నేటి సిస్టమ్స్ చదువుతాయి. కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్ ఉత్త ఫొటో, దాంతోనే చిక్కు. ప్రకటనలో వర్డ్ ఫైలే కావాలని ఉంటే మాత్రం అదే పంపండి.

అపోహ: జేడీ మొత్తాన్ని సీవీలో కంటికి కనిపించని తెల్ల అక్షరాల్లో దాచిపెడితే సెలెక్ట్ అయిపోతాం.

దయచేసి ఈ పని చేయకండి. అక్షరాలను బయటికి లాగాక రంగులేవీ ఉండవు. మీరు దాచిందంతా నా తెర మీద నల్లటి అక్షరాల్లో కనిపిస్తుంది. అది చూశాక మిగతా సీవీలో నిజంగా చేసిన పని మీద కూడా నమ్మకం పోతుంది.

కీవర్డ్స్ కావాలి, కాదనను. మా వెతుకులాట ఎలా ఉంటుందో చెబుతాను. జేడీలోంచి రెండు మూడు మాటలు తీసి సెర్చ్‌లో కొడతాం. నేను 'పీఎంపీ' అని కొట్టొచ్చు, నా పక్క సీటు వాళ్లు ఆ సర్టిఫికేషన్ పూర్తి పేరు 'ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్' అని కొట్టొచ్చు. రెండూ ఒకసారైనా రాసి ఉంటే ఇద్దరికీ దొరుకుతారు. మీ పాత కంపెనీలో 'కస్టమర్ హ్యాపీనెస్ లీడ్' అని పిలిచినా, చేసింది కస్టమర్ సపోర్ట్ అయితే పక్కనే ఆ మాట కూడా రాయండి. ఒక స్కిల్‌ను పదిసార్లు రాసేకన్నా, దానితో ఏ పని చేశారో ఒక్క వరసలో చెబితే నాకు ఎంతో మేలు. ఆ వరసే పట్టుకుని ఇంటర్వ్యూలో ప్రశ్న అడుగుతాను. చేయని పని మాత్రం రాయొద్దు.

అపోహ: సీవీకి మార్కులేసే ఆన్‌లైన్ చెకర్‌లో 90 వస్తే ఇక ఢోకా లేదు.

ఆ మార్కులు ఆ వెబ్‌సైట్ వేసుకున్నవి. మీరు అప్లై చేసిన కంపెనీ సిస్టమ్‌కి వాటితో సంబంధం లేదు.

అపోహ: మనిషికి పక్షపాతం ఉంటుంది, యంత్రానికి ఉండదు.

పాత నియామకాలు చూసి నేర్చుకున్న యంత్రానికి ఆ పాత అలవాట్లే వస్తాయి. రెజ్యూమేలకు రేటింగ్ ఇవ్వడానికి అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసిన టూల్ మహిళల రెజ్యూమేలను కిందికి నెట్టిందని, దాంతో దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ రాసింది. న్యూయార్క్ నగరంలోనైతే ఇలాంటి టూల్స్ వాడే కంపెనీలు స్వతంత్ర ఆడిట్ చేయించి తీరాలన్న చట్టం 2023 జులై నుంచి అమలవుతోంది. కాబట్టి పిలుపు రాని ప్రతిసారీ తప్పు మీదేనని కుమిలిపోకండి.

అపోహ: ఒకసారి రిజెక్ట్ అయితే ఆ కంపెనీలో మన పని అయిపోయినట్టే.

చాలా కంపెనీల్లో పాత అప్లికేషన్లు కొంతకాలం సిస్టమ్‌లోనే ఉంటాయి, కొత్త పోస్టు వస్తే ముందు వాటిలోనే వెతుకుతాం. మొన్న అలా 'ఇన్వెంటరీ' అని కొడితే, ఎనిమిది నెలల కిందట వద్దనుకున్న ఒకావిడ సీవీ పైకి వచ్చింది. ఫోన్ చేస్తే ఆవిడ నమ్మలేదు. "అప్పుడు మీ సిస్టమ్ నన్ను తీసేసింది కదండీ?" అన్నారు. తీసేసింది సిస్టమ్ కాదని, ఆ పోస్టుకు అప్పుడు ఇంకొకరిని తీసుకున్నది మేమేనని చెప్పి, ఇంటర్వ్యూకి ఏ రోజు వీలవుతుందో అడిగాను.